పడవ నెంబరు నూట పదిహేడు

తన గది అమ్మకానికి పెట్టారన్న సంగతి వరహాలమ్మకి ఎవరూ చెప్పలేదు. తన గోడ మీదే చదువుకుంది.

ఆ రోజు పొద్దున్నే సముద్రం వైపు కిటికీ తెరిచేసరికి రెండు కాళ్ళు కనిపించాయి. కాళ్ళ మీద మనిషి, మనిషి చేతిలో కుంచె, కింద నిచ్చెన. వరహాలమ్మ బయటికొచ్చి చూసింది. తెల్లసున్నం గోడ మీద ఎర్రక్షరాలు: 'అమ్మబడును. ఇల్లు, ఔటౌసుతో సహా. సముద్రం పక్కన.'

"ఏటి బాబూ, ఎవరి గోడనుకున్నావు ఇది?"

"జోగారావుగారి గోడండి."

"మరి లోపలున్న నానెవరిని?"

పెయింటరు తను రాసింది ఒకసారి పైనుంచి కిందిదాకా చదువుకున్నాడు. "తమరు 'సహా'లో ఉంటారేమోనండి" అన్నాడు మర్యాదగా.

వరహాలమ్మకి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. కొత్తరేవులో ఆవిడ చేత జాకెట్టు కుట్టించుకోకుండా పెళ్ళిపీటల మీద కూర్చున్న ఆడపిల్ల లేదు. వయసు నలభై ఏడు. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే కుట్టుమిషన్ జోరు పెంచేసి, వాళ్ళ మాట వాళ్ళకే వినపడకుండా చేసేది. ఇంటి వెనక, ఇసక మొదలయ్యే చోట, విడిగా ఉన్న ఈ పెంకుల గదిలో పాతికేళ్ళుగా ఉంటోంది. నాలుగు మిషన్లు, కుట్టు నేర్చుకునే పదకొండుమంది అమ్మాయిలు, సముద్రం కనిపించే రెండు కిటికీలు. ఆవిడ ప్రపంచం అదీ.

ఆ గదినే ఊరంతా ఔటౌసు అంటారు.

అన్నయ్య జోగారావు బస్సు డిపోలో స్టోర్‌కీపరు. పగలంతా అక్కడి సామాను తుప్పు పట్టకుండా కాపాడతాడు, సాయంత్రం ఇంటికొచ్చి తుప్పు పట్టిన సామాను మధ్య కూర్చుంటాడు. ఉప్పుగాలి అలాంటిది. "మా ఇంట్లో మేకు కూడా మూణ్ణెల్లకి మించి బతకదు" అని వదిన కుమారి కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుంటుంది. ఆవిడకి విశాఖపట్నంలో, సముద్రానికి బాగా దూరంగా, మూడో అంతస్తులో ఫ్లాటు కావాలి.

"నాకొక్క మాట సెప్పొచ్చు కదా అన్నయ్యా!"

"సెప్పితే ఏడుస్తావని సెప్పలేదు." జోగారావు పేపరు వెనక నుంచి తల పైకెత్తలేదు. "నిన్నేటి రోడ్డు మీద ఒగ్గేస్తానా? ఫ్లాట్లో వంటింటి పక్కన చిన్న గది ఉంది. మిషనొకటి పడతాది."

"నాలుగున్నాయి."

"ఒకటి పడతాది" అన్నాడు జోగారావు.

వరహాలమ్మ తన గదికి వచ్చేసింది. మాట్లాడ్డానికి నోరేదీ? ఇల్లు నాన్న అన్నయ్య పేర రాశాడు. తన పేర చీపురుపుల్ల కూడా రాయలేదు. బడిపంతులు పైడిరాజు కూతురంటే ప్రాణం పెట్టేవాడని ఊరంతా అంటారు కానీ ఆ ప్రాణమేదో ఒక కాగితం మీద పెట్టి ఉంటే బాగుండేది. ఈ బాధ ఆవిడకి పాతికేళ్ళుగా ఉంది, ఎవరితోనూ అనలేదు.

కొనేవాడు ఆ ఆదివారమే వచ్చాడు. పేరు కనకాద్రి, కల్యాణమండపాల వ్యాపారం. వీధి గుమ్మంలోంచి లోపలికొచ్చి, నాలుగు గదులూ చూడకుండా దాటుకుంటూ పెరటి గుమ్మంలోంచి బయటపడి, నేరుగా ఔటౌసులోకి వచ్చి కిటికీ ముందు చేతులు చాపాడు.

"ఇదీ నాకు కావల్సింది! ముందున్న ఇల్లు కొట్టేస్తే కార్ల పార్కింగుకి సరిపోద్ది."

తను పుట్టిన ఇల్లు పార్కింగుకి సరిపోతుందని విని జోగారావు మొహం ఒక్క క్షణం వాడింది. కుమారి మోచేత్తో పొడిచాక మళ్ళీ వికసించింది. కనకాద్రి కిటికీ ఊచలు తట్టి చూస్తూ, "ఈ మిషన్లూ గట్రా ఎప్పుడు తీసేస్తారమ్మా?" అనడిగాడు.

*

రిజిస్ట్రేషన్ రోజున అభ్యంతరం లేదని సంతకం పెట్టడానికి వరహాలమ్మని కూడా ఆటోలో తీసుకెళ్ళారు. సబ్‌రిజిస్ట్రారు విశ్వనాథంగారు దస్తావేజు మొదటి పేజీ చదివారు, రెండో పేజీ చదివారు, మూడో పేజీ దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"సదరు ఆస్తిలో ఇల్లు ఉన్నది. సరే. ఔట్‌హౌస్ అని కూడా రాశారు. మా రికార్డు ప్రకారం ఔట్‌హౌస్ లేదు."

"ఉందండీ" అన్నాడు జోగారావు. "మా సెల్లి అందులోనే ఉంటాది."

"మీ చెల్లెలుగారు ఉంటున్నది పడవలో."

విశ్వనాథంగారు పాత పటం బల్ల మీద పరిచి, ఇంటి బొమ్మ వెనక ఉన్న చిన్న గుర్తు మీద వేలు పెట్టి చదివారు. "పడవ నెంబరు నూట పదిహేడు. మరమ్మతు నిమిత్తం ఒడ్డుకు లాగబడినది. మరమ్మతు ప్రగతిలో ఉన్నది."

అప్పుడు వరహాలమ్మకి మెరుపు మెరిసినట్టు గుర్తొచ్చింది. తనకి తొమ్మిదేళ్ళు. నాన్న కొత్త గది గోడ మీద తారుతో నూట పదిహేడు అని రాసి, కొబ్బరికాయ కొట్టి, పసుపు బొట్టు పెట్టాడు. ఆ రోజుల్లో ఒడ్డు దగ్గర కొత్త గది కట్టకూడదని ఆర్డరుండేది. పడవైతే ఒడ్డుకు లాగి ఎన్నాళ్ళయినా బాగుచేసుకోవచ్చునని కూడా ఉండేది. నాన్న రెండు ఆర్డర్లూ శ్రద్ధగా చదివి, పడవ బాగుచేసుకుంటానని దరఖాస్తు పెట్టాడు. తనిఖీకి వచ్చిన ఆఫీసరుకి అమ్మ పీతల కూర వండింది. ఆయన మూడోసారి అన్నం పెట్టించుకుని, పెరట్లో లేస్తున్న ఇటిక గోడల్ని చూసి, 'మంచి పడవ మేష్టారూ' అని సంతకం పెట్టి వెళ్ళాడు. ఆ నెంబరు ఇంటి నెంబరే అనుకుంది తను ఇన్నాళ్ళూ.

"సార్, అది గదండి" అని జోగారావు బతిమాలాడు. "నా కళ్ళతో సూసేను, మా నాన్న కట్టేడు."

"నాయనా, నేను స్థిరాస్తుల మనిషిని. పడవ చరాస్తి. చరాస్తిని ముట్టుకున్నానంటే నా ఉద్యోగం కూడా చరాస్తి అయిపోతుంది. తీర జలయాన మండలికి వెళ్ళి, పడవ మంచిస్థితిలో ఉందని ధ్రువపత్రం తెండి." దస్తావేజు మడిచి వెనక్కిచ్చేశారు. వరహాలమ్మ సంతకం కోసం తీసిన పెన్ను మళ్ళీ టోపీ పెట్టుకుని జేబులోకి వెళ్ళిపోయింది.

ఇదంతా విన్న కనకాద్రి వెనక్కి తగ్గుతాడేమో అని ఆవిడ లోలోపల ఆశపడింది. అతను కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"పడవా! ఒడ్డు మీద పడవ! అందులో పెళ్ళిళ్ళు చేయిస్తాను. పెళ్ళికొడుక్కి కెప్టెన్ టోపీ పెడతాను. జోగారావుగారూ, ఎలాగైనా ఆ పత్రం తెచ్చెయ్యండి!"

*

తీర జలయాన మండలి ప్రాంతీయ అధికారి త్రినాథమూర్తిగారు జీపు దిగి, ఔటౌసు గుమ్మం ముందు అటెన్షన్లో నిలబడ్డారు.

"పడవలోకి రావచ్చునా?"

"సెప్పులిప్పి రండి" అంది వరహాలమ్మ.

ఆయన లోపలికొచ్చి, నేలని మడమతో తట్టారు, గోడని వేలితో గీరారు, పైన పెంకులు లెక్కపెట్టారు. జోగారావు వెనకే తిరుగుతూ చేతులు నలుపుకున్నాడు.

"సార్, తవరే సూస్తన్నారు కదా. ఇటిక గోడ. పెంకులు. గడప. ఇది గది సార్."

"జోగారావుగారూ, చూడటం నా విధి కాదు. సరిచూడటం నా విధి. రికార్డులో పడవ అని ఉన్నది. రికార్డుకూ వాస్తవానికీ తేడా వచ్చినచో వాస్తవం సంజాయిషీ ఇచ్చుకోవలసి ఉంటుంది."

"అదికాదు సార్…"

"గది అని మీరు రాతపూర్వకంగా ఇవ్వండి. ముప్పై ఎనిమిదేళ్ళుగా తీరంలో అక్రమ కట్టడం కలిగి ఉన్నందుకు రేపే కూల్చివేయిస్తాను. పడవ అని ఇవ్వండి, తనిఖీ చేసి ధ్రువపత్రం ఇస్తాను. మండలి ఎవరి మీదా ఒత్తిడి తీసుకురాదు."

జోగారావు గోడ కేసి చూశాడు, చెల్లెలి కేసి చూశాడు. "పడవే సార్" అన్నాడు నీరసంగా.

"సంతోషం. ఈ పడవకు లంగరు ఏది?"

లంగరు లేదు. చుక్కాని లేదు. హారను లేదు. ప్రయాణికులకి లైఫ్ జాకెట్లు లేవు. పైగా పొడవూ వెడల్పూ కొలిచి చూస్తే ఈ తరగతి పడవలో ఎనిమిదిమందికి మించి ఎక్కరాదు. మిషన్ల దగ్గర పదకొండుమంది అమ్మాయిలు గుడ్లప్పగించి చూస్తున్నారు. త్రినాథమూర్తిగారు వాళ్ళని వేలుపెట్టి లెక్కించి, మొహం గంభీరంగా పెట్టారు.

"ఓవర్‌లోడు. నడిసముద్రంలో ఇలాగే ప్రమాదాలు జరుగుతాయి."

వారం తిరిగేసరికి జోగారావు అన్నీ తెచ్చాడు. రేవులోంచి తుప్పు పట్టిన లంగరొకటి తెచ్చి, సరుగుడు చెట్టు మొదట్లో పాతి, తాడు ఔటౌసు తలుపు గొళ్ళేనికి కట్టాడు. చుక్కాని వెనక గోడకి మేకులు కొట్టి తగిలించాడు. హారను డిపోలో పాత బస్సుది. నారింజరంగు లైఫ్ జాకెట్లు వచ్చాయి కానీ కుట్లు వదులుగా ఉన్నాయి. వరహాలమ్మ వాటిని చూడలేక అన్నీ విప్పించి మళ్ళీ డబల్ కుట్టు వేయించింది.

ఆ కుట్టు వేయిస్తూండగానే ఆవిడకి తట్టింది. ఈ త్రినాథమూర్తి అడిగిన ప్రతిదానికీ వారం పడుతోంది. పడవ పడవగా ఉన్నన్నాళ్ళూ తనని ఎవరూ లేవమనరు. ఓర్నాయనో, ఇన్నాళ్ళూ ఏడుస్తూ కూర్చున్నానే!

మర్నాటి నుంచి ఆవిడ నిబంధనలు పాటించిన తీరు చూసి మండలి కూడా తెల్లబోయింది. లైఫ్ జాకెట్టు లేకుండా ఎవరూ గడప దాటరాదు. ఆవిడతో కలిపి ఎనిమిదిమందే లోపల, మిగతా వాళ్ళు సరుగుడు నీడలో ఇసక మీద కూర్చుని గుండీలు కుట్టాలి. గంటకోసారి హారను, హారను మోగగానే నలుగురు దిగి నలుగురు ఎక్కాలి. గౌరి అనే కొంటె పిల్ల మొదటిరోజే తల పట్టుకుని కూర్చుంది.

"టీచరమ్మా, నాకు సముద్రప్రయాణం పడదండి. కళ్ళు తిరుగుతున్నాయి."

"నిమ్మకాయ వాసన సూసుకుని కాజాలు కుట్టు" అంది వరహాలమ్మ.

ఒకనాడు వదిన కుమారి కాఫీ గ్లాసుతో తలుపు దాకా వచ్చింది. వరహాలమ్మ చెయ్యి అడ్డం పెట్టి జాకెట్టు చూపించింది. కుమారి గ్లాసు గడప మీద పెట్టేసి, కాళ్ళు నేలకేసి కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే వరహాలమ్మ, పడవలో వేడి పానీయాల రవాణాకి వేరే అనుమతి కావాలా అని మండలికి లేఖ రాసింది. మూడు వారాలకి జవాబొచ్చింది: విషయం పరిశీలనలో ఉన్నది.

*

పత్రం మాట అటుంచి ముందు సన్మానం వచ్చింది.

ఏటా చేపలు గుడ్లు పెట్టే కాలంలో పడవలు సముద్రంలోకి వెళ్ళకూడదు. ఎవరెవరు వెళ్ళారో మండలి లెక్క తీసింది. తీరం మొత్తం మీద ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా నిషేధం అతిక్రమించని పడవ ఒక్కటే తేలింది. రేవులో షామియానా వేసి, జోగారావుని వేదిక ఎక్కించి శాలువా కప్పారు.

"క్రమశిక్షణ అనగా ఏమి?" అని త్రినాథమూర్తిగారు మైకు పట్టుకున్నారు. "చేపలు పిలిచినను కదలకుండుట! నూట పదిహేడు నిషేధ కాలములోనే కాదు, మిగతా కాలములో సైతము వేటకు వెళ్ళలేదు. ఒక్క చేపకు సైతము హాని తలపెట్టలేదు. మత్స్యకార సోదరులారా, మీ పడవలు దీనిని చూసి నేర్చుకోవాలి!"

ముందు వరసలో ఉన్న ఎర్రయ్య లేచాడు. వరహాలమ్మ పక్కింటివాడు, అరవయ్యేళ్ళుగా సముద్రం మీద బతికినవాడు.

"బాబూ, అది ఔటౌసు బాబూ! అది సముద్రంలోకి ఎలాగెలతాది?"

"చూశారా?" అన్నారు త్రినాథమూర్తిగారు ఆనందంగా. "వెళ్ళగలిగి వెళ్ళకపోవడం మామూలు విధేయత. వెళ్ళలేని స్థితికి చేరుకోవడం ఆదర్శ విధేయత!"

ఎర్రయ్య కూర్చుండిపోయాడు. సభ అయ్యాక పూలదండ తెచ్చి ఔటౌసు కిటికీకి వేశారు. ఫొటోగ్రాఫరు పడవని నవ్వమన్నాడు. లోపలున్న అమ్మాయిలు దాని తరఫున నవ్వారు.

*

కార్తీకంలో తుపాను హెచ్చరిక వచ్చింది. తీరంలోని పడవలన్నిటినీ సాయంత్రంలోగా పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న పెద్ద రేవుకి చేర్చాలి. ఏ పడవా మినహాయింపు కాదు.

మధ్యాహ్నం మూడింటికి త్రినాథమూర్తిగారు మోకు చుట్టలతో, ముప్పైమంది మనుషులతో దిగారు. జోగారావు ఆయన కాళ్ళ మీద పడినంత పని చేశాడు.

"కదలదు సార్! పునాదుంది సార్!"

"ఇంజను లోపమా?"

"ఇంజనే లేదు సార్!"

"అయితే లాగవలసిందే" అని ఆయన విజిలు ఊదారు.

మోకు ఔటౌసు చుట్టూ తిప్పారు. ఇసకలో కాలు నిలవడం లేదని, పట్టు కోసం మోకు రెండో కొసని ఇంటి పెరటి వరండా స్తంభం చుట్టూ వేసి లాగడం మొదలెట్టారు. వరహాలమ్మ లోపలే ఉండిపోయింది. పడవ కదిలేటప్పుడు లోపల ఒక మనిషి ఉండాలని నిబంధన. నిజానికి నిబంధన లేకపోయినా ఆవిడ దిగేది కాదు. మిషన్ని రెండు చేతులా పట్టుకుని, నాన్నా నాన్నా అనుకుంటూ కళ్ళు మూసుకుంది.

"హైలెస్సా!" అన్నారు ముప్పైమంది.

"హైలెస్సా!" అన్నారు ఇసకలో గంతులేస్తున్న పదకొండుమంది అమ్మాయిలు.

మూడో హైలెస్సాకి ఫెళఫెళమని చప్పుడైంది. వరహాలమ్మ కళ్ళు తెరిచింది. కిటికీలు ఉన్నాయి, పెంకులు ఉన్నాయి, మిషన్లు ఉన్నాయి. బయటికి తొంగిచూస్తే ఇంటి వరండా లేదు. స్తంభం, దాని మీది కప్పు, కప్పు కింది కుమారి తులసికోట అంతా ఒకే కుప్పగా పడి ఉన్నాయి. అడ్డం వెళ్ళిన జోగారావు మోకు తగిలి ఇసకలో బోర్లా పడ్డాడు, చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు.

తుపాను అటు ఒరిస్సా వైపు వెళ్ళిపోయింది. నివేదిక మాత్రం ఇటే వచ్చింది. జోగారావు దాన్ని చదివి, నమ్మలేక, చెల్లెలి చేత చదివించుకున్నాడు.

"పడవ నెంబరు నూట పదిహేడుకూ, సమీపంలో నిలిచి ఉన్న ఇంటికీ ఢీకొనుట సంభవించినది. పడవ లంగరు వేసి, హారను కలిగి, నిబంధనల మేరకు ఉన్నది. ఇంటికి దీపసంకేతము లేదు, హారను లేదు. పడవ వచ్చుచున్నదని తెలిసియు ఇల్లు పక్కకు తప్పుకొనలేదు. తప్పు ఇంటిదే."

"ఏటే ఇది?" అన్నాడు జోగారావు. ఏడుపో నవ్వో అతనికే తెలియలేదు.

"ఇల్లు ఇంకా లైసెన్సు తీసుకోలేదు కదన్నయ్యా" అంది వరహాలమ్మ. చిన్నప్పటి తర్వాత ఇద్దరూ కలిసి పొట్ట పట్టుకుని నవ్వడం అదే మొదటిసారి. కుమారి వచ్చి చూసేసరికి ఆపేశారు.

కనకాద్రి మాత్రం ఫోన్లో కేరింతలు కొట్టాడు. ఇల్లు పడగొట్టే పని కొంత తగ్గిందట. ఇంక రోజులు లాగడం కుదరదు, వచ్చే గురువారం మంచిరోజు, పడవ తన పేరుకి మారిపోవాలి అన్నాడు. వరహాలమ్మ నవ్వు అక్కడితో ఆగిపోయింది.

*

మిగిలింది ఒక్కటే పరీక్ష. పేరు మారే ముందు పడవ గంటసేపు నీళ్ళలో నిలవాలి. పడవ నీళ్ళలోకి వెళ్ళలేదు కనక నీళ్ళే పడవ దగ్గరికి రావాలని మండలి తీర్మానించింది.

గురువారం పొద్దున్న ఔటౌసు చుట్టూ ఇసక గట్టు పోసి, నాలుగు ట్యాంకర్ల ఉప్పునీళ్ళు దింపారు. మంచినీళ్ళు పనికిరావు, ఇది సముద్రపు పడవ. త్రినాథమూర్తిగారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, నీళ్ళలో నిలబడి గడియారం చూసుకున్నారు. కనకాద్రి కెప్టెన్ టోపీ పెట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. ఊరు ఊరంతా చుట్టూ చేరింది. లోపల ఏడుగురు అమ్మాయిలు నారింజరంగు జాకెట్లు వేసుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. నీళ్ళు గడప అంచుదాకా వచ్చి ఆగాయి.

గంట గడిచింది. త్రినాథమూర్తిగారు గొంతు సవరించుకున్నారు.

"పడవ నీటిలో ఉన్నదా? ఉన్నది. మునిగినదా? మునగలేదు. నీటిలో ఉండి మునగనిది తేలుచున్నట్లే. పరీక్ష నెగ్గినది!"

జనం ఈలలు వేశారు. ఎర్రయ్య తలపాగా విప్పి, మళ్ళీ చుట్టుకున్నాడు. వరహాలమ్మ ఎవరినీ చూడలేదు. మిషన్ మీద చెయ్యి వేసి నిమురుతోంది. ఆ ఇనప చల్లదనం, ఆ కిటికీ, కిటికీలోంచి ఉప్పుగాలి. వంటింటి పక్క గదిలో గాలి ఎలా ఉంటుందో ఆవిడ ఊహించుకోలేకపోయింది. ఇంక నిబంధనలేవీ మిగల్లేదు.

ప్రధాన కార్యాలయం నుంచి మూల రిజిస్టరు ఆ పూటే వచ్చింది, ఎర్రగుడ్డలో కట్టి. పేరు మార్చడానికి అందులోనే రాయాలి. త్రినాథమూర్తిగారు నీళ్ళలోనే నిలబడి, గుమాస్తా నెత్తి మీద రిజిస్టరు ఆనించి విప్పారు.

"పడవ నెంబరు నూట పదిహేడు. విక్రేత జోగారావుగారు, తండ్రి పైడిరాజుగారి వారసులు. కొనుగోలుదారు…" ఆయన ఆగారు. దగ్గరికి తెచ్చుకుని చూశారు. "ఇక్కడ యజమాని పైడిరాజుగారు కారే."

"మరెవరండి?" అన్నాడు జోగారావు.

"యజమాని: చిరంజీవి వరహాలమ్మ. వయసు తొమ్మిది. నాలుగవ తరగతి."

ట్యాంకరు గొట్టంలోంచి ఆఖరి నీళ్ళు బొటబొటా కారుతున్నాయి. త్రినాథమూర్తిగారు తర్వాతి గడి చదివి చిరాకు పడ్డారు.

"పడవ ప్రయోజనము అన్న చోట చేపల వేట అని రాయవలసి ఉండగా, ఏమిటిది, వేరేదో రాశారు." ఆయన అదే గొంతుతో, అక్షరం తప్పకుండా చదివారు. "'ఇల్లు పిల్లవాడికి ఉన్నది. ఇది మా అమ్మాయికి. ఎవరూ లేవమనకుండా కూర్చొనుటకు.'"

వరహాలమ్మ గడప దిగి నీళ్ళలోకి వచ్చేసింది. చీర కుచ్చిళ్ళు తడిసిపోతున్నా చూసుకోలేదు. రిజిస్టరు మీద గుండ్రటి బడిపంతులు అక్షరాలు, ఆవిడకి ఓనమాలు దిద్దించిన అక్షరాలు. పాతికేళ్ళు ఆ మనిషిని లోలోపల తిట్టుకుంది తను. ఆవిడ భోరుమంది.

"యజమాని పడవను అమ్ముటకు సమ్మతించుచున్నారా?"

వరహాలమ్మ తల అడ్డంగా ఊపింది.

"తల ఊపుట రికార్డు కాదమ్మా."

"అమ్మనండి!" అంది ఆవిడ ముక్కు చీదుకుంటూ. "ఎవ్వరికీ అమ్మను."

"కారణము?"

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. "మరమ్మతు ఇంకా అవ్వలేదండి."

త్రినాథమూర్తిగారు తృప్తిగా తల పంకించి, పెన్ను తీసి రాశారు: మరమ్మతు ప్రగతిలో ఉన్నది. సంతకం పెట్టారు, తేదీ వేశారు, ప్యాంటు దించుకుని జీపెక్కారు. కనకాద్రి కాసేపు టోపీ తిప్పుకుంటూ నిలబడి, ఔటౌసు లేని ఇల్లు తనకెందుకని గొణుక్కుంటూ కారెక్కాడు. కుమారి విరిగిన వరండా వైపు వెళ్ళి తలుపు ధనామని వేసుకుంది. జనం ఒక్కొక్కరే చెదిరిపోయారు.

జోగారావు మాత్రం మోకాలి లోతు నీళ్ళలో అలాగే నిలబడి ఉన్నాడు. ఆ చిరిగిన జేబు చొక్కానే తొడుక్కున్నాడు. తుపాను రోజు నుంచి దాన్ని కుట్టమని చెల్లెల్ని అడగడానికి అతనికి మొహం చెల్లలేదు.

"నాన్న సరిగ్గానే రాసేడే" అన్నాడు చివరికి. "నానే… నిన్ను 'సహా'లో పెట్టీసేను."

వరహాలమ్మ కళ్ళు తుడుచుకుని, లోపలికెళ్ళి మిషన్ ముందు కూర్చుంది.

"ఆ సొక్కా ఇలాగియ్యి."

జోగారావు చొక్కా విప్పుకుంటూ గడప మీద కాలు పెట్టబోయాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగాగు. ముందు జాకెట్టు ఏసుకో." లోపలున్న వాళ్ళని లెక్కపెట్టింది. ఏడుగురూ, తనూ. "ఓలి గౌరీ, నువ్వు దిగు తల్లీ, మా అన్నయ్య ఎక్కాల."

గౌరి హారను మోగించి నీళ్ళలోకి దూకింది. జోగారావు నారింజరంగు జాకెట్టు తొడుక్కుని, తాళ్ళు బిగించుకుని, ముక్కాలిపీట మీద బుద్ధిగా కూర్చున్నాడు. వరహాలమ్మ సూదిలో దారం ఎక్కించి, చిరిగిన జేబు దాని కింద పెట్టి, మిషన్ తొక్కింది.